పంపు ముఖాన బొట్టు

ఆ బుధవారం పొద్దున తొమ్మిది గంటల పది నిమిషాలకు మొదలైంది. మాఘమాసం, మామిడి పూత సగం విచ్చి ఉంది. మా తమ్ముడు ఇప్పటికీ పదకొండున్నరకు మొదలైందంటాడు, పైపు చిమ్మింది అప్పుడు కనుక. మా మరదలు ఇంటికి వచ్చినవాళ్లకు సాయంత్రం నాలుగు గంటలని చెబుతుంది, నేను ఆ పని చేసింది అప్పుడు కనుక. ముప్పై ఏళ్లకు పైగా చిత్తూరు బెల్లం మండీలో లెక్కలు రాసినదాన్ని. ఏ అంకె దగ్గర మొదటిసారి తప్పిందో అక్కడి నుంచే తప్పు మొదలైనట్టు. తొమ్మిది గంటల పది నిమిషాలకు మా తమ్ముడు పంపు మీది ప్రెషరు మరను స్పానరుతో బిగించాడు. ఒత్తిడి ఎంత పెరిగిందో చూడడానికి పంపుకు గేజి ఉంది. గేజి అద్దం మీద బొట్టు ఉంది.

ఆ బొట్టు సంగతి ముందు చెప్పాలి. ఆయుధపూజ నాడు మా ఇంట్లో ఇనుపది ఏదీ బొట్టు లేకుండా ఉండదు. కొడవలికి, గడ్డపారకు, కుట్టుమిషనుకు, కత్తిపీటకు, అన్నిటికీ గంధం పూసి కుంకుమ పెడతాం. పెట్టేటప్పుడు దాని ముఖం ఏదో చూసుకుని పెడతాం. ట్రాక్టరుకు ముఖం ఎక్కడుందో అందరికీ తెలుసు. మందు కొట్టే పంపు కొత్తగా వచ్చిన ఏడాది మా మరదలు గంధం గిన్నె పట్టుకుని దాని చుట్టూ ఒకసారి తిరిగింది. అంతా బోల్టులు, గొట్టాలు. గుండ్రంగా, తెల్లగా, మనిషి ముఖంలా మన వైపు చూస్తున్నది గేజి ఒక్కటే. గంధం దాని నిండా పూసి, పైన రూపాయి బిళ్లంత కుంకుమ పెట్టింది. మరుసటి ఏడాది దాని మీదే మళ్లీ పూసింది. ఆ తర్వాతి ఏడాదీ అంతే. అమ్మవారికి పెట్టిన బొట్టు కనుక మధ్యలో ఎవరూ తుడవలేదు.

పంపు చూడడానికి పెద్దదేమీ కాదు. ట్రాక్టరు ట్రాలీలో మందునీళ్ల డ్రమ్ములు, పక్కన ఇనుప బల్ల మీద పంపు. ఇంజను తిరిగితే అది తిరుగుతుంది. డ్రమ్ములోంచి నీళ్లు లాగి, లోపల నొక్కి, పొడవాటి పైపులోకి తోస్తుంది. పైపు చివర పట్టుకునే గొట్టాన్ని గన్ను అంటాం. ఈ నీళ్లు పైకి బోరు నీళ్లలాగే కనిపిస్తాయి. కానీ ఇవి నొక్కి పెట్టిన నీళ్లు. ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి బయటికి రావాలని చూస్తూ ఉంటాయి.

అది తెచ్చిన రోజు దుకాణం మనిషి మూడు మాటలు చెప్పి పోయాడు. గేజి ముల్లు ఎర్ర గీత దాటకూడదు. చిరిగిన పైపుకు కట్టు కట్టి వాడకూడదు, మార్చాలి. పైపు కారితే ఇంజను ఆపి, గన్ను తెరిచి, లోపలి ఒత్తిడి అంతా పోయాకే చేయి పెట్టాలి. మూడింటికీ మా తమ్ముడు తల ఊపాడు. మొదటి దసరాకు ముల్లు కనిపించడం ఆగిపోయింది. రెండో ఏడు పైపు మీదికి సైకిలు ట్యూబు కట్టు వచ్చింది. మిగిలింది మూడో మాట ఒక్కటే.

మా తోట దామలచెరువు దగ్గర. మా నాయన నాటిన బెంగళూరా మామిడి చెట్లు, ఇప్పుడు మేడంత ఎత్తున్నాయి. నా భర్త పోయి, మండీ ఉద్యోగం అయిపోయాక నేను తమ్ముడి ఇంటికి వచ్చేశాను. తమ్ముడికి అరవై మూడేళ్లు. ఆ చుట్టుపక్కల మామిడి అంటు కట్టడంలో అతని చేతికి పేరుంది. పుల్లను ఎడమచేత పట్టుకుని, కుడిచేతి బొటనవేలికి, చూపుడు వేలికి మధ్య కత్తి పట్టుకుని ఒకే గీతలో ఏటవాలుగా కోస్తాడు. రెండోసారి కత్తి పెట్టడు. రెండోసారి పెడితే గాలి తగిలి అంటు పట్టదంటాడు. నర్సరీలవాళ్లు ఆషాఢం వస్తే బండి పంపించి తీసుకుపోయేవాళ్లు.

బావి దగ్గర ఒక చెట్టు ఉంది. నాయన ఎక్కడో తిన్న పండు టెంక తెచ్చి వేస్తే మొలిచింది. దానికి జాతి పేరు లేదు, ఇంట్లో బాయికాడి చెట్టు అంటాం. పండు చిన్నది, పీచు లేదు, తొక్క దగ్గర కొంచెం సోంపు వాసన వస్తుంది. అలాంటిది ఇంకెక్కడా నేను తినలేదు. రెండేళ్లుగా దాని మానును పురుగు తొలిచేస్తోంది. ఒక పక్క ఎండిపోయింది. ఆ ఆషాఢానికి దాని పుల్లలు కోసి అంటు కడతానని తమ్ముడు పన్నెండు టెంకమొక్కలు సంచుల్లో పెంచి, నీళ్ల తొట్టి పక్కన వరసగా పెట్టుకున్నాడు.

ఆ రోజు తేనెమంచు పురుగుకు మందు కొడుతున్నారు. గన్ను పట్టింది మా ఊరి మనిషే. ఊళ్లో అందరి తోటల్లోనూ అతనే కొడతాడు. చేతికి ఎంత పనో నోటికీ అంత పని.

“పైకొమ్మకు అందల్యా అన్నా,” అన్నాడు కింది నుంచి.

“నువ్వు గన్ను పైకెత్తకుండా గడ్డం పైకెత్తితే యాడ అందుతాది?” అన్నాడు తమ్ముడు ట్రాలీ మీద నుంచి.

“నేను ఎత్తేకాడికి ఎత్తినాను. నీ పంపుకే ముసిలితనం వచ్చినట్టుండాది, నీ మాదిరే.”

“దానికీ రాల్యా, నాకూ రాల్యా. సూస్కో ఇప్పుడు.” స్పానరు తీశాడు.

నేను డ్రమ్ముకు ఎంత మందు పోశారో లెక్క చూస్తూ అక్కడే ఉన్నాను. “ఎంత మీద ఉండాదో సూసి తిప్పబ్బా,” అన్నాను.

“యాడ సూసేదక్కా? బొట్టు పెట్టుండారు కదా.”

“తుడువు.”

మజ్జిగ చెంబుతో వస్తున్న మా మరదలు అక్కడే ఆగిపోయింది. “ఏంది వదినా, అమ్మోరికి పెట్టిన బొట్టు! మల్లా దసరాకు కడుక్కుంటాం కదా. నట్టనడుమ తుడుస్తారా ఎవురన్నా?”

“సెవికి తెలస్తాదిలే అక్కా,” అన్నాడు తమ్ముడు. “ఇంజన్ల సౌండు నిన్నా మొన్నా వింటాండానా?”

బిగించాడు. ఒక చుట్టు, ఇంకో సగం చుట్టు. ఇంజను గొంతు బరువెక్కింది. గన్ను మనిషి గన్ను తెరిచాడు. దెబ్బ తగిలినట్టు రెండడుగులు వెనక్కి వేశాడు. మందు పైకొమ్మను దాటి ఆకాశంలోకి పొగలా లేచింది. “ఇదన్నా పంపంటే!” అని అరిచాడు. గడ్డిలో పడి ఉన్న పైపు బిగుసుకుని, ఒక మూరెడు పక్కకు జరిగింది. దాన్ని ఎవరూ జరపలేదు. అది చూసింది నేనొక్కదాన్నే అనుకుంటాను.

పదకొండున్నరకు మందు ధార తగ్గింది. చూస్తే పైపు మీద, ట్యూబు కట్టుకు జానెడు ఇవతల, సన్నటి తుంపర లేస్తోంది. ఎండ పడి అందులో రంగులు కనిపిస్తున్నాయి. ఎక్కడి నుంచి వస్తోందో తెలియలేదు. చిల్లు కంటికి కనిపించేంత లేదు. సన్నగా ఈల వేసినట్టు చప్పుడు మాత్రం ఉంది.

మా వైపు పొలాల్లో పెరిగినవాళ్లకు పైపు కారితే ఏం చేయాలో ఎవరూ నేర్పరు. చిల్లు మీద వేలు పెట్టి నొక్కుతారు, ఇంకొకరు వెళ్లి ట్యూబు ముక్క తెస్తారు, చుడతారు. బోరు పైపులకు, డ్రిప్పు పైపులకు ఏడేళ్ల పిల్ల కూడా ఇదే చేస్తుంది. నేనూ చేశాను. చేయి ఆలోచించకుండా పోయే పని అది.

“ట్యూబు ముక్క తేపోబ్బా,” అని కేక వేసి తమ్ముడు పైపు దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

“ఇంజను ఆపు ముందు,” అన్నాను.

“ఆపితే చిల్లి యాడుందో కనపడదక్కా.”

గన్ను మనిషి ట్యూబు ముక్క కోసం వెళ్తూ గన్ను మూసి కింద పెట్టాడు. మందు వృథా పోకూడదని మూశాడు, మంచి పనివాళ్లు చేసేదే. కానీ దాంతో నీళ్లు పోయే దారి పోయింది. దారి లేకపోతే నీళ్లను డ్రమ్ములోకి వెనక్కి వదలవలసిన మరను పొద్దున బిగించేశారు. పంపు నొక్కుతూనే ఉంది. పైపు మొత్తానికి తెరిచి ఉన్నది ఆ కనిపించని చిల్లు ఒక్కటే. మా తమ్ముడు కుడిచేతి బొటనవేలు, చూపుడు వేలు కలిపి పైపు మీద తడుముకుంటూ దాని మీదికి పోయాడు.

“అబ్బా,” అని చేయి లాక్కున్నాడు. పెద్ద అరుపేమీ కాదు.

“ఏమైందిరా?”

“ఏంల్యా. చీమ కుట్టినట్టనిపించినాది.”

నేను పోయి ఇంజను ఆపాను. అతని చేయి పట్టుకుని చూశాను. చూపుడు వేలి మెత్తటి భాగం మీద పెన్సిలు మొనతో పొడిచినంత చుక్క. తెల్లగా ఉంది. నెత్తురు లేదు.

గన్ను మనిషి కూడా వంగి చూశాడు. “రగతం కూడా రాల్యా. అన్న ఒంట్లో రగతం యాడుండాదక్కా, అంతా సంగటే.” ముగ్గురం నవ్వాం. అప్పటికి అక్కడికి వచ్చిన మరదలు కూడా నవ్వింది. ట్యూబు చుట్టి, ఇంజను వేసి, మిగిలిన రెండు డ్రమ్ములూ కొట్టి ముగించారు. మర అలాగే ఉంది.

ఒకటిన్నరకు భోజనం. తమ్ముడు సంగటి ముద్ద తుంచి పప్పులో అద్దుకున్నాడు. రెండో ముద్ద తుంచబోతే వేళ్లలోంచి జారి కంచంలో పడింది. మళ్లీ తీశాడు. మళ్లీ పడింది.

“మొద్దుబారినట్టుండాదిబ్బా,” అన్నాడు, ఎవరితోనో చెప్పినట్టు.

ఆ వేలు పట్టుకున్నాను. మిగతా వేళ్లు వెచ్చగా ఉన్నాయి, అది చల్లగా ఉంది. పాలిపోయి, మైనంలా ఉంది. కుట్టుమిషను దగ్గర నుంచి దారం తెచ్చి, ఉంగరానికి కొలత తీసినట్టు వేలి చుట్టూ తిప్పి, కొస వచ్చి తాకినచోట గుర్తుకు ఒక ముడి వేసి తీశాను.

“ఉంగరం చేపిస్తావా అక్కా? మూడు సవర్లకు తగ్గొద్దు,” అన్నాడు.

“సూస్తాం ఉండు,” అన్నాను.

మూడు గంటలకు అదే దారం మళ్లీ తిప్పాను. కొస ముడి దాకా రాలేదు. మధ్యలో వడ్లగింజంత ఖాళీ. ఊళ్లో సూది వేసే ఆయన వచ్చి చూశాడు. గాయం లేదు, వాపు ఉంది, ముల్లేదో విరిగి ఉంటుందన్నాడు. టీటీ సూది వేసి మాత్రలిచ్చాడు. “తెల్లారేపాటికి దిగిపోతాది,” అన్నాడు. మరదలు పసుపు రాసి, ఉప్పు వేసిన వేణ్ణీళ్లలో చేయి పెట్టించింది. మూడున్నరకు చూస్తే ఖాళీ రెండు వడ్లగింజలంత. తమ్ముడు హాస్యాలు మానేశాడు. నొప్పి వేలిలో కాదు, అరచేతిలో ఉందన్నాడు. నాకు భయం పట్టుకుంది అక్కడే. చుక్క వేలి మీద ఉంటే నొప్పి అరచేతికి ఎలా పోయింది?

దుకాణంవాడిని అడుగుదామనుకున్నాను. అతను పంపు ఇచ్చిన రోజు దాని మీద ఏదో కాగితం అంటించి ఉన్నట్టు గుర్తు, ఫోను నంబరు ఉంటుందేమోనని నాలుగు గంటలకు ట్రాలీ దగ్గరికి పోయాను. వెతికితే ఎక్కడా లేదు. గంధం పూసిన చోటు తప్ప అంతా చూశాను. కొంగు తడిపి, గేజి మీదా దాని కిందా పట్టిన గంధం తుడిచాను. మూడు దసరాల గంధం, పెంకులాగా ఊడి వచ్చింది.

ముందు ముల్లు కనిపించింది. ఇంజను ఆగి చాలాసేపైంది, అది సున్నా మీద ఉండాలి. ఎర్ర గీత దాటి, చివరిదాకా పోయి, అక్కడే వంగి ఆగిపోయింది. అద్దం కింద అరచేతి వెడల్పు పచ్చటి కాగితం. దాని మీద నంబరు లేదు, బొమ్మ ఉంది. ఒక చేయి. పక్కన పైపు. పైపులోంచి ఒక గీత వచ్చి వేలిలోకి దూరి, లోపలే మణికట్టు దాకా ఎర్రగా పాకి ఉంది. చదువు రానివాళ్లకు కూడా తెలియాలని వేసిన బొమ్మ. కింద చిన్న అక్షరాల్లో, గాయం చిన్నదిగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి పోవాలని రాసి ఉంది.

వెనక నుంచి మరదలు గొంతు వినిపించింది. “వదినా! తుడిసేసినావా?”

“ఈడ సూడు. బొమ్మ సూడు.”

ఆమె బొమ్మ చూడలేదు. నా కొంగుకు అంటిన కుంకుమ చూస్తోంది. “ముత్తయిదువ పెట్టిన బొట్టు. నువ్వు తుడిసేదా వదినా? ఆయప్ప లోపల అట్ల పడుండంగా, నువ్వు తుడిసేదా?”

నువ్వు అన్న మాటను రెండుసార్లూ నొక్కి పలికింది. ఎందుకు నొక్కిందో నాకు తెలుసు. జవాబు చెబుతూ నిలబడే సమయం కాదు. ఫోనుతో ఆ బొమ్మను ఫోటో తీసుకున్నాను. మందు సీసా సంచిలో వేసుకున్నాను. పక్కింటివాళ్ల కారు అడిగాను.

తిరుపతి పోయేసరికి ఐదు ముప్పావు దాటింది. చంద్రగిరి దాటాక కొండకు పోయే బండ్లతో రోడ్డు నిండిపోయి ఉంది. తమ్ముడు వెనక సీట్లో చేయి పైకెత్తి పట్టుకుని కూర్చున్నాడు. కారంతా మందు వాసన. కిటికీలు దించినా పోలేదు. ఆ వాసన బట్టల నుంచి వస్తోందనుకున్నాను.

“అక్కా, టెంకమొక్కలకు నీళ్లు పెట్టమని సెప్పినావా?” అన్నాడు ఒకసారి.

“పెడతారులే.”

“ఆషాఢానికి ఇంగా టైముండాదిలే.” ఎత్తిన చేతిని చూసుకుని, “అప్పటికి దిగిపోతాది కదా?” అన్నాడు.

నేను లెక్క వేస్తూ ఉన్నాను. పదకొండున్నర నుంచి ఆరు గంటలకు ఆరున్నర గంటలు. మరదలు అతని భుజం పట్టుకుని కళ్లు మూసుకుని ఏదో చదువుకుంటోంది. నా వైపు చూడలేదు.

ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ వేలు చూసి, “ముల్లు గుచ్చుకుందా?” అంది. ఫోటో చూపించి, మందు సీసా బల్ల మీద పెట్టి, ప్రెషరు పంపు నీళ్లు లోపలికి పోయాయని చెప్పాను. ఆమె లేచి లోపలికి పరిగెత్తింది. తల నెరిసిన సర్జను వచ్చాడు.

“ఎన్నింటికి జరిగిందమ్మా?”

“పదకొండున్నరకు.”

గోడ గడియారం చూశాడు. అతను వేసిన లెక్క నేను వేసినదే. “బయట చుక్కే కనిపిస్తుంది. లోపల మందు నరాల పక్క సందుల్లోంచి అరచేతిలోకి పోయి ఉంటుంది. అప్పుడే వచ్చి ఉంటే కడిగి శుభ్రం చేసేవాళ్లం. ఇప్పుడు కోసి చూడాలి. ఎంత మిగులుతుందో లోపల చూస్తే గానీ చెప్పలేను.”

“మా తమ్ముడు అంటు కట్టే మనిషి,” అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

“ఏ చేత్తో?”

“అదే చేత్తో.”

ఆయన తల ఊపి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి వేలి కొన నుంచి మణికట్టు దాకా కోశారు. నర్సు తలుపు తెరిచినప్పుడు లోపలి నుంచి మందు వాసన వచ్చింది. కారులో వచ్చిన వాసనే. అది బట్టలది కాదు. శనివారం చూపుడు వేలు తీసేశారు. ఆ తర్వాతి మంగళవారం బొటనవేలి పై కణుపు నల్లబడితే అదీ తీసేశారు. మిగతా చేయి నిలబడింది. నిలబడినందుకు సంతోషించాలని సర్జను చెప్పాడు, నిజమే.

చూడడానికి వచ్చినవాళ్లందరికీ మరదలు ఒకటే చెప్పేది. “నాలుగ్గంటలకు బొట్టు తుడిసినారు. రాత్రికి చెయ్యి కోసినారు.” వాళ్లు నా వైపు చూసి, తల తిప్పుకునేవాళ్లు. తమ్ముడు ఒక్కడే ఒకసారి కసిరాడు. “నోరు మూసుకో మే. నాలుగ్గంటలకు నా వేలు అప్పుడే సచ్చిపోయుండాది.” ఆమె ఏడ్చింది. ఆ మాట మానలేదు.

ఆషాఢంలో వానలు సరిగ్గా పడ్డాయి. నర్సరీల నుంచి బండ్లు రాలేదు. బాయికాడి చెట్టుకు ఒకే ఒక కొమ్మ పచ్చగా ఉంది. వేరే అంటు మనిషిని పిలుద్దామన్నాను.

“నాయన చెట్టుకు ఇంగొకడు కత్తి పెట్టేదా?” అన్నాడు. “ఎడమచెయ్యి ల్యాదా నాకు? నువ్వు పట్టుకో, నేను కోస్తా.”

రెండు పొద్దులు కూర్చున్నాం. నేను పుల్లను పట్టుకున్నాను, అతను ఎడమచేత్తో కోశాడు. ఏ పుల్లకూ కత్తి ఒక్కసారితో ఆగలేదు. రెండోసారి పెట్టినప్పుడల్లా అతను నా ముఖం చూడలేదు, నేను అతని ముఖం చూడలేదు. పన్నెండింటికీ కట్టు కట్టాం. శ్రావణం సగమయ్యేసరికి పుల్లలు నల్లబడ్డాయి. అప్పుడు తనే అంటు మనిషిని పిలవమన్నాడు. అతను వచ్చి చెట్టు చుట్టూ తిరిగి చూసి, కోయదగ్గ పుల్ల ఒక్కటి కూడా మిగల్లేదని చెప్పి, కాఫీ తాగి పోయాడు.

పంపుకు కొత్త గేజి, కొత్త పైపు వేయించాను. మరను దుకాణం మనిషి చేతే సరిచేయించాను. దసరాకు మరదలితో బొట్టు పంపు పక్కన తిరిగే చక్రం మీద పెట్టమని చెప్పాను. చక్రం మీద పెట్టింది. తెల్లవారి చూస్తే గేజి అద్దం మీద కూడా ఒకటి ఉంది, చిన్నది, పక్కగా. నిలబడే చోటును బట్టి ముల్లు కనిపిస్తుంది. ఈ మాఘంలో మళ్లీ మందు కొట్టాలి. గన్ను మనిషి నిన్ననే వచ్చి, పైకొమ్మలకు ఇంకొంచెం ప్రెషరు కావాలని చెప్పి పోయాడు.

పోయినవి ఇవి. కుడి చూపుడు వేలు, మొదలంటా. కుడి బొటనవేలు, పై కణుపు. గేజి ఒకటి. పైపు ఒకటి. అంటు పట్టని టెంకమొక్కలు పన్నెండు. కార్తీకంలో ఎండిపోయిన బాయికాడి చెట్టు ఒకటి. అలాంటిది ఇంకోటి లేదు.